‘ఐ’ ఎక్కడ, ‘మి’ ఎక్కడ? - ఇంగ్లీషు సర్వనామాల విభక్తులు

కృష్ణా డెల్టాలో ఇంగ్లీషు చదువు నిన్న మొన్నటిది కాదు. రాబర్టు నోబిల్ మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాలను ప్రారంభించినది 1843లో. విజయవాడవద్ద కృష్ణకు మొదటి ఆనకట్ట పూర్తియైనది 1855లో. అనగా, ఆనకట్ట నీరు మన పొలాలకు పారడానికి పన్నెండేండ్లు ముందుగానే ఇంగ్లీషు అక్షరాలు మన పిల్లల పలకలమీదకు వచ్చినవి. ఐనా ఇన్ని తరాల తరువాత కూడా ఒక చిక్కు మనలను విడిచిపెట్టలేదు. అవనిగడ్డనుండో, గుడివాడనుండో తెలుగులో చదువుకొని విజయవాడ కళాశాలకు వచ్చిన విద్యార్థిని గణితంలోనూ, రసాయనశాస్త్రంలోనూ ఎవరికీ తీసిపోకపోవచ్చును. కాని ఉద్యోగానికి పిలిచినవారు ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేసినప్పుడు ఆమె తరచు మొదటి పదంవద్దనే తడబడుతుంది. ఆ మొదటి పదం చాలావరకు ‘నేను’ అనే చిన్నపదం. అక్కడ ‘ఐ’ అనవలెనో, ‘మి’ అనవలెనో తేలేలోపల, తెలిసిన విషయం కూడా తెలియనట్లే మిగిలిపోతుంది.

ఈ తడబాటుకు బుద్ధిమాంద్యం కారణం కాదు. రెండు భాషల నడక వేరు కావడమే కారణం. ఆ వేరు ఎక్కడ ఉన్నదో ఒకసారి తెలిస్తే, ఇంగ్లీషు సర్వనామాల విభక్తులు ఒక వారం రోజుల సాధనతో పట్టుబడే విషయం. మొత్తంమీద ఆ రూపాలు ముప్పది లోపే.

ముందుగా మన ఇంటి సొమ్మును చూచుకొందాము. ‘నేను’ అనే పదానికి విభక్తులు చేర్చండి: నన్ను, నాచేత, నాకొరకు, నావలన, నాయొక్క, నాయందు. వీటిలో ఒక్కదానిలోనైనా ‘నేను’ అనే రూపం పూర్తిగా కనిపిస్తున్నదా? లేదు. కర్తగా ఉన్నంతవరకే అది ‘నేను’. విభక్తి చేరగానే ‘నా’ అవుతుంది. అదేవిధంగా ‘నీవు’ ‘నీ’గా, ‘మేము’ ‘మా’గా, ‘వాడు’ ‘వాని’గా, ‘అది’ ‘దాని’గా మారుతవి. ‘నేనుకు ఇవ్వు’ అని మాటలు నేర్చే పసివాడు అన్నా మనం నవ్వి దిద్దుతాము. కనుక, ఒకే మనిషిని సూచించే పదం వాక్యంలోని స్థానాన్నిబట్టి రూపం మార్చుకొంటుందనే సంగతి మనకు కొత్తది కాదు. ‘టు ఐ’ అనడం ఇంగ్లీషువాని చెవికి ఎట్లా తగులుతుందో, ‘నేనుకు’ అనేది మన చెవికి అట్లాగే తగులుతుంది.

భేదం నామవాచకాలవద్ద వస్తుంది. ‘రాముడు రావణుని చంపెను’ అన్నా, ‘రావణుని రాముడు చంపెను’ అన్నా మనకు అర్థం ఒక్కటే. చంపినవాడెవరో, చచ్చినవాడెవరో విభక్తి చెబుతుంది; పదాల వరుస ఎట్లా ఉన్నా నష్టం లేదు. ఇంగ్లీషులో ‘రామా కిల్డ్ రావణా’ అనే వాక్యాన్ని తలక్రిందు చేస్తే రామాయణమే తలక్రిందవుతుంది! అక్కడ పేరుకు విభక్తి ప్రత్యయం లేదు. క్రియకు ముందున్నవాడు కర్త, వెనుకనున్నవాడు కర్మ. వరుసయే విభక్తి.

ఇది ఇంగ్లీషుకు పుట్టుకతో వచ్చిన లక్షణం కాదు. వేయి సంవత్సరాల క్రిందటి ఇంగ్లీషులో నామవాచకాలకు సైతం నాలుగు ముఖ్యవిభక్తులు ఉండేవి. తరువాతి శతాబ్దాలలో ఆ ప్రత్యయాలు క్రమంగా అరిగిపోయినవి. సంబంధార్థకమైన ‘స్’ ఒక్కటి మాత్రం నిలిచింది. కాని నిత్యం నోట నానే సర్వనామాలు పాత రూపాలను పూర్తిగా వదలలేదు. పాతయింట గోడలన్నీ మారినా వీధి గుమ్మం మాత్రం పూర్వపుదే నిలిచియున్నట్లు, ఈనాటి ఇంగ్లీషులో విభక్తుల ఆనవాళ్ళు సర్వనామాలలోనే మిగిలి ఉన్నవి. మనకు చిక్కు కలిగించేవి ఆ మిగిలిన ముక్కలే.

ఆ రూపాలు మూడు రకాలు. కర్తగా నిలిచే రూపం ఒకటి: ఐ, వుయ్, యు, హి, షి, ఇట్, దే. కర్మగా నిలిచే రూపం రెండవది: మి, అస్, యు, హిమ్, హర్, ఇట్, దెమ్. ‘యొక్క’ అనే సంబంధాన్ని తెలిపేది మూడవది: మై, అవర్, యువర్, హిజ్, హర్, ఇట్స్, దెయిర్. ‘యు’, ‘ఇట్’ అనేవి కర్తగానూ కర్మగానూ మారకుండా ఉండడం గమనించండి. ‘హర్’ అనేది కర్మరూపంలోనూ, సంబంధరూపంలోనూ ఒకే తీరున ఉంటుంది.

మొదటి రెండింటి భేదాన్ని విజయవాడ పరిసరాలవారు ప్రకాశం బ్యారేజీని తలచుకొని సులభంగా గుర్తు పెట్టుకోవచ్చును. 1957లో పూర్తియైన ఆ బ్యారేజీకి ఎగువన ఉన్నదీ కృష్ణయే, దిగువన ఉన్నదీ కృష్ణయే. కాని ఎగువ మట్టం వేరు, దిగువ మట్టం వేరు. ఇంగ్లీషు వాక్యంలో క్రియను బ్యారేజీ అనుకోండి. ఎగువన ఉన్న ‘నేను’ ‘ఐ’. దిగువన ఉన్న ‘నేను’ ‘మి’. ‘ఐ కాల్డ్ హిమ్’ - నేను అతనిని పిలిచాను. ‘హి కాల్డ్ మి’ - అతడు నన్ను పిలిచాడు. మనుషులు వారే, క్రియకు ఇటునుండి అటు మారగానే రూపం మారింది. ప్రశ్నావాక్యంలో మాత్రం సహాయక్రియ ఒకటి ముందుకు దూకుతుంది: ‘కెన్ ఐ గో?’ అక్కడ కూడా వెళ్ళే క్రియకు ‘ఐ’ ఎగువననే ఉన్నది కనుక కర్తరూపం చెడదు.

బ్యారేజీనుండి తూములద్వారా బందరు కాలువకు, ఏలూరు కాలువకు నీరు వస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో అటువంటి తూములు ‘టు, ఫర్, ఫ్రమ్, విత్, బై, ఆఫ్, ఇన్’ మొదలైన చిన్నపదాలు. మన విభక్తి ప్రత్యయం పదానికి తరువాత చేరుతుంది. ఇంగ్లీషులో ఆ పని చేసే పదం ముందుగా వస్తుంది. దాని తరువాత వచ్చే సర్వనామం ఎల్లప్పుడూ కర్మరూపంలోనే ఉండవలెను. నాకొరకు - ‘ఫర్ మి’. అతనితో - ‘విత్ హిమ్’. వారినుండి - ‘ఫ్రమ్ దెమ్’. మాలో - ‘ఇన్ అస్’. మనం ‘నా’ అనే ఒక్క మూలానికి అన్ని ప్రత్యయాలూ చేర్చినట్లే, వారు ‘మి’ అనే ఒక్క రూపానికి ముందు అన్ని పదాలనూ చేరుస్తారు. ఈ నియమానికి మినహాయింపులు వెదకవలసిన పని ప్రారంభదశలో లేదు.

ఇంతవరకు దారి చదునుగానే ఉన్నది. అసలు గోతి ఇక్కడినుండి వస్తుంది. మన తెలుగులో ‘నాకు’ అనే పదం ఎన్ని చోట్ల వాడతామో ఆలోచించండి. నాకు ఆకలిగా ఉన్నది. నాకు జ్వరం వచ్చింది. నాకు ఇద్దరు పిల్లలు. నాకు కోపం వచ్చింది. నాకు ఈత వచ్చును. నాకు ఆ సంగతి తెలుసును. నాకు ఒక పుస్తకం కావలెను. ‘నాకు’ అంటే ‘టు మి’ అని నేర్చుకొన్న విద్యార్థి ఈ ఏడు వాక్యాలలోనూ ‘మి’ని వెదుకుతాడు. అది ఒక్కచోట కూడా రాదు. ఇంగ్లీషువాడు అన్నిటికీ ‘ఐ’ అనే అంటాడు: ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ హావ్ ఎ ఫీవర్’, ‘ఐ హావ్ టూ చిల్డ్రన్’, ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ కెన్ స్విమ్’, ‘ఐ నో ఇట్’, ‘ఐ వాంట్ ఎ బుక్’. ‘ఆ పని నావల్ల కాదు’ అనే మాట సైతం ‘ఐ కెనాట్ డు ఇట్’ అవుతుంది.

కారణమేమి? తెలుగువాని దృష్టిలో ఆకలి, కోపం, జ్వరం, జ్ఞానం అనేవి మనం చేసేవి కావు, మనకు కలిగేవి. అందుచేత ఆకలిని, కోపాన్ని కర్తగా నిలిపి, అవి ఎవరికి కలిగినవో ఆ మనిషికి ‘కు’ చేరుస్తాము. ఈనాటి ఇంగ్లీషు అట్లా చూడదు. ఆ స్థితి ఎవరిలో ఉన్నదో ఆ మనిషినే కర్తగా నిలబెడుతుంది. కనుక మనం చేయవలసినది విభక్తికి విభక్తి తెచ్చిపెట్టడం కాదు. ఇంగ్లీషు క్రియ ఎవరిని కర్తగా కోరుతున్నదని అడగడం.

ఇందుకొక చిన్న పరీక్ష ఉన్నది. ‘నాకు’ అన్న వాక్యంలో ఇచ్చినవాడో, చెప్పినవాడో, చూపినవాడో మరొకడు ఉన్నాడా అని చూడండి. ‘అతడు నాకు పుస్తకం ఇచ్చాడు’ - ఇచ్చినవాడు వేరొకడు ఉన్నాడు. కాబట్టి ‘హి గేవ్ మి ఎ బుక్’. ‘ఆమె నాకు దారి చెప్పింది’ - చెప్పినది ఆమె. కాబట్టి ‘షి టోల్డ్ మి ది వే’. అట్లా కాక, నాలోని స్థితినో, తెలివినో, శక్తినో, నాకున్న ఆస్తినో, బంధువులనో చెబుతున్నట్లయితే చాలావరకు ‘ఐ’ వస్తుంది. ‘నాకు ఇట్లా తోచుచున్నది’ వంటి కొన్ని చోట్ల మాత్రమే ‘ఇట్ సీమ్స్ టు మి’ అని ఇంగ్లీషు కూడా మన దారిన నడుస్తుంది.

పూర్వం ఇంగ్లీషు సైతం ఈ విషయంలో మనకు ఇప్పటికంటె దగ్గరగా ఉండేది. పాత పుస్తకాలలో ‘మిథింక్స్’ అనే మాట కనిపిస్తుంది. దానిని చూచి, ‘ఐ థింక్’ అనవలసినచోట ‘మి’ ఎందుకు వచ్చినదని మన విద్యార్థులు ఆశ్చర్యపడతారు. అందులోని క్రియ ‘ఆలోచించు’ అనే ‘థింక్’ కాదు. ‘తోచు’ అనే అర్థమిచ్చే వేరొక పాత క్రియ. కాబట్టి ‘మిథింక్స్’ అంటే అక్షరాలా ‘నాకు తోచును’. ‘హిమ్’ అనే రూపం కూడా పూర్వం ‘వానికి’ అనే అర్థంలో పుట్టినదే. ‘వానిని’ అనడానికి వేరే రూపం ఉండి అంతరించింది. తెలుగువాడు ‘నాకు’ అన్నచోట ‘మి’ వైపు మొగ్గడం వింత తప్పేమీ కాదు. అది ఇంగ్లీషువారు కొంతకాలం నడిచి విడిచిన బాటయే.

ఇక సంబంధరూపాలు. వీటిలో రెండు తెగలు ఉన్నవి. వస్తువు పేరు వెంట ఉంటే ‘మై’, లేకపోతే ‘మైన్’. ‘దిసీజ్ మై బుక్’ - ఇది నా పుస్తకం. ‘దిస్ బుక్ ఈజ్ మైన్’ - ఈ పుస్తకం నాది. మన ‘నా’, ‘నాది’ అనేవాటికి ఇవి సరిగా సరిపోతవి. అట్లాగే అవర్-అవర్స్, యువర్-యువర్స్, హర్-హర్స్, దెయిర్-దెయిర్స్. ‘హిజ్’ ఒక్కటి రెండుచోట్లా మారదు. వ్రాతలో ఒక జాగ్రత్త అవసరం. పేరుకు సంబంధార్థకమైన ‘స్’ చేర్చేటప్పుడు పైన కామావంటి గుర్తు పెడతారు. ‘యువర్స్’, ‘హర్స్’, ‘ఇట్స్’ మొదలైన సర్వనామాలకు ఆ గుర్తు పెట్టరాదు. ‘ఇట్స్’కు ఆ గుర్తు పెడితే అది ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హాజ్’ అనో అర్థమిస్తుంది.

ఇక్కడ మన మర్యాదకూ, వారి వ్యాకరణానికీ ఒక చిన్న ఢీకొట్లాట జరుగుతుంది. మనం ‘నా ఇల్లు’ అనడానికి సంకోచించి ‘మా ఇల్లు’ అంటాము; మా నాన్నగారు, మా ఊరు, మా ఆవిడ అంటాము. ఒక్కడే మాట్లాడుతున్నా బహువచనం వాడడం మన సంసారపు సొంపు. దానిని ఉన్నదున్నట్లు ఇంగ్లీషులో దించితే ‘మా ఆవిడ’ ‘అవర్ వైఫ్’ అవుతుంది, విన్నవాడు నిర్ఘాంతపోతాడు. ఒక్కరు చెప్పుకొనేటప్పుడు ‘మై వైఫ్, మై ఫాదర్, మై విలేజ్’ అనవలెను. అందులో అహంకారమేమీ లేదు.

ఇద్దరిని కలిపి చెప్పేటప్పుడు మరొక తడబాటు వస్తుంది. ‘నేనూ, మా తమ్ముడూ వెళ్ళాము’ అని మనం తనను ముందు చెప్పుకొంటాము. ఇంగ్లీషు మర్యాదలో తాను చివర: ‘మై బ్రదర్ అండ్ ఐ వెంట్’. అందుచేత ‘అండ్ ఐ’ అనేదే మర్యాదైన మాట అనుకొని కొందరు దానిని అన్నిచోట్లా వాడతారు. ‘ఆమె మా తమ్ముని, నన్ను పిలిచింది’ అనేదానికి ‘షి కాల్డ్ మై బ్రదర్ అండ్ ఐ’ అనడం వ్యాకరణరీత్యా తప్పు. తమ్ముని కాసేపు పక్కకు తప్పించి చూడండి. ‘షి కాల్డ్ ఐ’ అంటామా? అనము. కాబట్టి ‘మై బ్రదర్ అండ్ మి’ సరియైనది. ‘బిట్వీన్ యు అండ్ మి’ అనేది కూడా ఇట్టిదే. దీనిలో ఇంగ్లీషువారు సైతం తరచు పొరబడతారు. ‘అండ్ ఐ’ అనే ప్రయోగం షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ఉత్తరంలో కూడా కనిపిస్తుంది. కాబట్టి పొరబాటు చేసినవారు సిగ్గుపడి నోరు మూసుకోవలసిన పని లేదు. దిద్దుకొని ముందుకు సాగితే చాలును.

పోలికలో రూపం మారితే అర్థమే మారే సందర్భం కూడా ఉన్నది. ‘షి లైక్స్ యు మోర్ దాన్ ఐ’ అంటే, నేను నిన్ను ఇష్టపడేదానికంటె ఆమె నిన్ను ఎక్కువ ఇష్టపడుతుంది అని. చివర ‘మి’ పెడితే, ఆమెకు నామీదకంటె నీమీద ఇష్టం ఎక్కువ అని. ఒక కుటుంబంలో ఈ రెండూ ఒకటి కావు కదా! వాడుకలో ‘దాన్ మి’ రెండర్థాలలోనూ వినిపిస్తుంది కనుక, మొదటి అర్థం కావలసినప్పుడు ‘దాన్ ఐ డు’ అని క్రియను పూర్తిచేయడం క్షేమం. ‘ఎవరది?’ అంటే ‘ఇట్ ఈజ్ ఐ’ అనవలెనని పాత వ్యాకరణాలు విధించినవి; ఈనాడు ‘ఇట్ ఈజ్ మి’ అనేదే లోకంలో నడుస్తున్నది.

ఉద్యోగపు పిలుపులకు వెళ్ళేవారు మరొకటి గుర్తుంచుకోవలెను. తమ పేరు చెప్పేటప్పుడు ‘మైసెల్ఫ్ ఫలానా’ అనడం మన దేశంలో విరివిగా వినిపిస్తుంది. ‘మైసెల్ఫ్’ ఒంటరిగా కర్త కాజాలదు. ‘ఐ హర్ట్ మైసెల్ఫ్’ - నన్ను నేనే గాయపరచుకొన్నాను - అన్నట్లు చేసినదీ, ఫలం పొందినదీ ఒక్కరే అయినప్పుడో, ‘ఐ కుక్డ్ ఇట్ మైసెల్ఫ్’ - నేనే స్వయంగా వండినాను - అన్నట్లు గట్టిగా చెప్పవలసినప్పుడో అది వస్తుంది. పేరు చెప్పడానికి ‘ఐ యామ్ ఫలానా’, లేదా ‘మై నేమ్ ఈజ్ ఫలానా’ చాలును.

ఇంత చెప్పిన తరువాత, ఇంగ్లీషు సర్వనామాలలో లేనిదేమో కూడా తెలుసుకోవలెను. మనకు ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ‘మేము భోజనానికి వెళుతున్నాము’ అంటే ఎదుటివాడు కూర్చున్నచోటనే కూర్చుంటాడు. ‘మనము’ అంటే లేస్తాడు. ఇంగ్లీషులో రెండింటికీ ‘వుయ్’ ఒక్కటే. మచిలీపట్నంలోనూ, రాజమహేంద్రవరంలోనూ ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రకటించాడు. తెలుగు నేర్చుకోవలసివచ్చిన ఆనాటి దొరలకు ఈ ‘మనము’, ‘మేము’ వారి భాషలో లేని భేదం. 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణాన్ని వెలువరించిన కాల్డ్‌వెల్ కూడా ఈ భేదాన్ని చర్చించాడు. కాబట్టి తెలుగు ఉత్తరాన్నో, ఒప్పందాన్నో ఇంగ్లీషులోకి మార్చేవారు ‘వుయ్’ అని ఊరుకోరాదు. ఎదుటివాడు అందులో ఉన్నాడో లేడో మాటలలో స్పష్టం చేయవలెను. బాకీ తీర్చవలసినది ‘మేమా’, ‘మనమా’ అనే ప్రశ్న చిన్నది కాదు.

‘నీవు’, ‘మీరు’ అనే భేదం మాత్రం ఇంగ్లీషుకు ఒకప్పుడు ఉండేది. ఒక్కనికి ‘దౌ’, పలువురికి ‘యీ’, దాని కర్మరూపం ‘యు’. మనం ‘మీరు’ అన్నట్లే పెద్దలను బహువచనంతో పిలవడం అక్కడా అలవాటైనది. క్రమంగా ఆ గౌరవం అందరికీ చెందింది. ‘దౌ’ సాధారణ వ్యవహారంనుండి తప్పుకొన్నది. కర్మరూపమైన ‘యు’ కర్త పీఠాన్ని కూడా ఆక్రమించింది. ‘యు’ రెండుచోట్లా ఒకే రూపంలో ఉండడానికి కారణమిదే. ఇంగ్లీషులో పెద్దవారిని ‘యు’ అనడానికి మన పిల్లలు జంకనక్కరలేదు. అది మూలంలో ‘మీరు’ అనే మాటయే.

సాధనకు ఖరీదైన పుస్తకాలు అవసరం లేదు. రాత్రి భోజనాల తరువాత ఇంటిల్లిపాదీ కూర్చొని, ఆనాడు జరిగిన సంగతులను అయిదు చిన్న తెలుగు వాక్యాలుగా చెప్పుకోండి. వాటిలో రెండింటిలోనైనా ‘నాకు’, ‘ఆమెకు’, ‘వారికి’ వంటి పదాలు ఉండేటట్లు చూచుకోండి. ప్రతి వాక్యానికీ ఇంగ్లీషు క్రియను ముందు నిశ్చయించి, ఆ క్రియకు కర్త ఎవరని అడిగి, ఆ తరువాతనే సర్వనామాన్ని పలకండి. ఇంగ్లీషు చదువని తల్లి కూడా ఈ ఆటలో కూర్చోవచ్చును, ‘కర్త ఎవరు?’ అని తెలుగులో అడిగే పని ఆమెకు అప్పగించండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పిల్లకు ‘ఐ’ ఎక్కడో, ‘మి’ ఎక్కడో మరొకరు చెప్పవలసిన అవసరం ఉండదు.